గింజ రంగును బట్టి మొక్కను గుర్తించి రాసిపెట్టుకోవడం ఎలా?

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఇంటి విత్తనం దాచుకునే రైతులు రకాల పేర్లను చాలావరకు గింజ రంగుతోనే చెబుతారు. తెల్ల కంది, ఎర్ర కంది, నల్ల కంది, పచ్చజొన్న, తెల్లజొన్న, నల్ల ఉలవ, తెల్ల నువ్వు అన్నీ అలా వచ్చిన పేర్లే. పిలుచుకోవడానికి ఈ పేర్లు చాలు. అయితే ఒక రకాన్ని మరో ఊరి రైతుకు వివరించాలన్నా, నిరుడు దాచిన విత్తనమూ ఈ ఏడు పండిన గింజా ఒకటేనా అని పోల్చుకోవాలన్నా, మీ ఇంటి పాత రకాన్ని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద రైతు రకంగా నమోదు చేయించాలన్నా ‘ఎర్రగా ఉంటుంది’ అనే మాట సరిపోదు. ఆ ఎరుపు గింజలో ఏ పొరకు చెందినదో, ఎంత ముదురో, గింజంతా పరుచుకున్నదో చుక్కలుగా ఉన్నదో రాసినప్పుడే అది వర్ణన అవుతుంది. తెల్ల కాగితాలు, బ్లేడు, పెన్సిలు, నోటుపుస్తకం ఉంటే ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఒక హద్దును మాత్రం ముందే గుర్తుంచుకోవాలి. గింజ రంగు ఒక పంటలోని రకాలను వేరు చేయడానికి పనికివస్తుంది కానీ, ఒక జాతి మొక్కను మరో జాతి నుంచి వేరు చేయడానికి దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు గింజా, తోటకూర గింజా రెండూ చిన్నవి, నల్లనివి, నిగనిగలాడేవి. అరచేతిలో పోసుకుంటే తేడా చెప్పడం కష్టం. ఒకే పంటలోనైనా రంగు, పోల్చాల్సిన రకాల సంఖ్యను తగ్గిస్తుందే తప్ప అది ఏ రకమో తేల్చిచెప్పదు. ఆశ, మారుతి అనే కంది రకాలు రెండింటి గింజలూ గోధుమ వర్ణంలోనే ఉంటాయి. అందుకే గింజ రంగు పక్కన పూవు రంగు, కాయ మీది చారలు, 100 గింజల బరువు కూడా రాయడం అవసరం.

గింజలను చెట్టువారీగా సేకరించండి

ఈ మొత్తం పనిలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచినది ఇదే. కల్లంలో నూర్చిన కుప్ప నుంచి గుప్పెడు తీసుకుని రంగు రాస్తే, అది ఆ కుప్పను వర్ణించినట్లు అవుతుంది, మొక్కను వర్ణించినట్లు కాదు. కంది, పెసర, మినుము, ఉలవ, బెబ్బర్ల వంటి పప్పుధాన్యాలలో మనకు పైకి కనిపించే రంగు గింజ పొట్టుది. ఆ పొట్టు పూర్తిగా తల్లి మొక్క శరీరం నుంచి తయారవుతుంది. లోపలి పప్పు బద్దలు, మొలక మాత్రం తల్లి మొక్కా, పుప్పొడి ఇచ్చిన మొక్కా కలిసి పుట్టించిన కొత్త తరం. కాబట్టి ఒక కంది చెట్టు మీది కాయలన్నింటిలో గింజల పొట్టు ఒకే రంగులో, ఒకే తీరులో ఉంటుంది. పక్క చేనులోని నల్ల కంది పుప్పొడిని తేనెటీగలు మోసుకొచ్చినా ఈ ఏడు ఆ గింజ పైరంగు మారదు. ఆ కలయిక ఫలితం, ఆ గింజను విత్తగా పెరిగిన చెట్టు కాయల్లో, అంటే వచ్చే పంటలో బయటపడుతుంది.

దీని నుంచి రెండు విషయాలు తేలుతున్నాయి. కుప్పలో మూడు రంగులు కనిపిస్తే, చేనులో కనీసం మూడు తీరుల చెట్లు ఉన్నాయని అర్థం చేసుకోవాలి. అలాగే, చాటలో పోసి ఎర్ర గింజలను మాత్రమే ఏరి విత్తినంత మాత్రాన వచ్చే ఏడు అన్నీ ఎర్రవే పండుతాయన్న హామీ లేదు. కందిలో తేనెటీగల ద్వారా పరపరాగ సంపర్కం బాగానే జరుగుతుంది గనుక, ఎర్ర పొట్టు లోపల వేరే తండ్రి బిడ్డ ఉండవచ్చు. గ్రెగర్ మెండెల్ 1866లో అచ్చువేసిన బఠాణీ ప్రయోగాలలో కూడా ఈ వివేచన ఉంది. ఆయన పసుపు, ఆకుపచ్చ అని లెక్కపెట్టినవి పొట్టు లోపలి బద్దల రంగులు. అవి కొత్త తరానివి కాబట్టి ఒకే కాయలో రెండూ కలిసి కనిపించేవి. పొట్టు రంగును ఆయన వేరే లక్షణంగా తీసుకుని, అది పూవు రంగుతో కలిసి నడుస్తుందని రాశాడు. శనగలో మీరు దీన్ని స్వయంగా చూడవచ్చు. గోధుమ రంగు పొట్టు ఉండే దేశీ శనగకు సాధారణంగా గులాబీ రంగు పూలు, తెల్లటి కాబూలీ శనగకు తెల్ల పూలు పూస్తాయి.

ఆచరణలో ఇలా చేయండి. గట్ల వెంబడి ఉన్న సాళ్లను వదిలి, చేను నడుమ నుంచి పది చెట్లను ఎంచుకుని వాటికి గుర్తు కట్టండి. ఒక్కో చెట్టు నడిమి కొమ్మల నుంచి పూర్తిగా ఎండిన పది కాయలు కోసి, ఒక్కో చెట్టువి ఒక్కో కాగితపు కవరులో వేసి, చెట్టు సంఖ్యను కవరు మీద రాయండి. పచ్చిమీద కోసిన కాయలోని గింజ ఆకుపచ్చగానో ఊదా ఛాయతోనో ఉండి తర్వాత ముడుచుకుపోతుంది కాబట్టి అది వర్ణనకు పనికిరాదు. చేనులో తీరు తప్పిన చెట్టు కనిపిస్తే పీకి పారేయకుండా దాని గింజలనూ వేరే కవరులో దాచండి, ఎందుకంటే కల్తీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేది ఆ చెట్టే.

పైపూతలను, మరకలను వేరు చేయండి

దుకాణం నుంచి తెచ్చిన విత్తనం గులాబీ, ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో మెరుస్తుంటే అది విత్తనశుద్ధి మందుకు కలిపిన రంగు. దాన్ని కడిగి అసలు రంగు చూద్దామనుకోవద్దు. అది మందు పట్టించిన విత్తనం కాబట్టి పొలానికి తప్ప మరి దేనికీ తాకించకండి. ఆ విత్తనం వేసి పండించిన చెట్టు గింజలనే వర్ణనకు తీసుకోండి. ఇంట్లో నిల్వ చేసిన కందులకు ఎర్రమట్టి పట్టించే అలవాటు మన వైపు ఉంది. అలాంటి గింజలను తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి చూడాలి. బూడిద కలిపిన పెసర్లకూ ఇదే పద్ధతి.

వాన మరకలు ఇంకా మోసం చేస్తాయి. వానాకాలపు జొన్న గింజ కట్టే సమయంలో ముసురు పడితే బూజు పట్టి తెల్ల గింజలు నల్లబడతాయి, బూడిద రంగుకు తిరుగుతాయి. కంకిలో గింజను అంటిపెట్టుకుని ఉండే పొర ముదురు రంగుదైతే, ఆ రంగు వానకు దిగి తెల్ల గింజ మీద ఊదా మచ్చలు పడతాయి. ఇవేవీ రకం లక్షణాలు కావు. అనుమానం వస్తే వాన తగలని కంకి నుంచి గింజలు తీసి పోల్చండి. పాతబడటం కూడా రంగును మారుస్తుంది: పల్లి పొట్టు, కంది పొట్టు నిల్వలో ముదురుతాయి, పెసర ఆకుపచ్చదనం తగ్గి పసుపు తిరుగుతుంది. కాబట్టి నూర్చిన నెల లోపలే రంగు రాసుకోవడం మంచిది. ఆలస్యమైతే గింజ వయసెంతో తప్పక పేర్కొనండి.

వెలుతురు

ఉదయం తొమ్మిది, పదకొండు గంటల నడుమ, వసారా నీడలో, తెల్ల కాగితం మీద గింజలను పరచి చూడండి. నేరుగా ఎండ పడితే నున్నని గింజల మీద మెరుపు వచ్చి రంగు తేలిపోతుంది. నీలి టార్పాలిన్ కింద, గాఢమైన రంగు వేసిన గోడ పక్కన, బల్బు వెలుతురులో చూడవద్దు. సెల్‌ఫోన్ కెమెరా రంగులను తనకు తోచినట్లు సరిదిద్దుకుంటుంది కాబట్టి ఫోటో తీసేటప్పుడు గింజల పక్కన తెల్ల కాగితం, కొలత కోసం ఒక రూపాయి నాణెం కూడా కనిపించేలా పెట్టండి. రంగును మాత్రం ఫోటో నుంచి కాకుండా గింజను చూసే రాయండి.

ఒక్క కంది గింజను పరిశీలించే క్రమం

ఒకటో చెట్టు కవరు నుంచి పది గింజలు తీసి, వాటిలో ఒకదాన్ని చూపుడు వేలు మీద పెట్టుకోండి. ముందుగా నేల రంగు చూడాలి, అంటే గింజ మీద ఎక్కువ మేర పరుచుకున్న రంగు. కందిలో అది మీగడ తెలుపు నుంచి లేత గోధుమ, ముదురు గోధుమ, బూడిద, ఊదా, నలుపు దాకా ఉండవచ్చు. తర్వాత ఆ నేల మీద రెండో రంగు ఉందేమో చూడండి. లేకపోతే ‘సాదా’ అని రాయండి. ఉంటే దాని తీరు రాయండి: పెద్ద మరకలా, సన్నని చుక్కలా, రెండూ కలిసినవా, లేక కన్ను చుట్టూ ఉంగరంలా తిరిగినదా. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వంటి పరిశోధన సంస్థల జన్యు బ్యాంకులు, అంటే విత్తన నమూనాలను భద్రపరిచే చోట్లు, కంది నమూనాలను వర్ణించేటప్పుడు ఇదే విభజనను పాటిస్తాయి. ఇక రెండో రంగు గింజలో ఎంత భాగాన్ని ఆక్రమించిందో పావు, సగం, ముప్పావు అని అంచనా వేసి రాస్తే చాలు.

ఇప్పుడు గింజను కొంచెం తిప్పండి. కాయకు అంటుకొని ఉన్న చోట చిన్న గీతలాంటి మచ్చ కనిపిస్తుంది. ఇక్కడ దాన్ని కన్ను అంటున్నాను. కంటి రంగు వేరు, దాని చుట్టూ ఉండే వలయం రంగు వేరు. రెండింటినీ విడివిడిగా రాయాలి. రకాలు తేల్చడంలో చాలాసార్లు నేల రంగు కంటే ఈ వలయమే ఎక్కువ సాయం చేస్తుంది. బెబ్బర్లలో ఇది ఇంకా స్పష్టం. తెల్ల బెబ్బర్లు అన్నీ ఒకటే అనుకుంటాం గానీ కొన్నింటికి కన్ను చుట్టూ నల్లగా, కొన్నింటికి గోధుమ రంగులో, మరికొన్నింటికి అసలు లేనట్లే ఉంటుంది. అనుములలో నల్ల గింజ మీదా, ఎర్ర గింజ మీదా తెల్లని పొడవాటి కన్ను ఎత్తుగా కనిపిస్తుంది.

ఆ తర్వాత మెరుపు చూడండి. పెసర, మినుములలో మెరిసే గింజల రకాలు, మెరవని రకాలు అని రెండు తెగలున్నాయి. రంగు ఒకటే అయినా మెరుపు లేని గింజ వెలిసినట్లు తోస్తుంది కాబట్టి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘ఒకటి నలుపు, ఒకటి బూడిద’ అని రాసేవారు ఎక్కువ. చివరగా గింజను రెండుగా చీల్చి, బద్దల రంగు రాయండి. కందిలో పొట్టు ఏ రంగుదైనా పప్పు పసుపే. మైసూర్ పప్పులో పొట్టు గోధుమ రంగులో ఉన్నా బద్దలు నారింజ ఎరుపు. ఇదే క్రమంలో మిగతా గింజలనూ, ఆ పిమ్మట మిగతా చెట్లవీ చూడండి. ఒక చెట్టు గింజలు ఒకదానికొకటి సరిపోలకపోతే కవర్లు కలిసిపోయాయేమో ముందు సరిచూసుకోండి.

రంగుకు మాట, మాటకు నమూనా

‘పచ్చ’ అని మాత్రం రాయకండి. పచ్చజొన్న పసుపు రంగుది, పచ్చి కంది ఆకుపచ్చది. చదివేవారు ఏది అనుకుంటారో తెలియదు. పసుపుపచ్చ, ఆకుపచ్చ అని విడదీసి రాయండి. అలాగే కందిలో ‘ఎరుపు’ అనే పేరు కింద ఇటుక రంగు, గోధుమ రంగు, మట్టి రంగు అన్నీ వచ్చిచేరతాయి. శాస్త్రవేత్తలు ఇందుకోసం మున్సెల్ రంగుల పుస్తకాన్ని, ఇంగ్లండ్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ రంగుల పట్టికను వాడతారు. అవి ఖరీదైనవి, మనకు వాటి అవసరం కూడా లేదు. ఒక తెల్ల అట్ట మీద మీ ఊళ్లో దొరికే కందుల్లోంచి బాగా లేతవాటి నుంచి బాగా ముదురువాటి దాకా వరుసగా మూడేసి గింజలు జిగురుతో అంటించి, వాటి కింద 1, 2, 3 అని అంకెలు వేయండి. ఇకపై ‘ముదురు గోధుమ, అట్టలో 4’ అని రాస్తే సందేహం ఉండదు. అంటించిన గింజలు కూడా కాలక్రమంలో ముదురుతాయి కాబట్టి అట్టను ఏటా కొత్త గింజలతో తయారు చేసుకుని, పాతదాన్ని చీకటి పెట్టెలో ఉంచండి.

జొన్న, వరి, ఆముదం తదితరాలు

జొన్న గింజలో రంగు ఒకే పొరలో ఉండదు. అన్నిటికంటే పైన పలుచని ఫలకవచం, కొన్ని రకాలలో దాని కింద గోధుమ రంగు పొర, లోపల పిండి ఉంటాయి. పచ్చజొన్న పసుపుదనాన్నీ తెల్లజొన్న తెలుపునూ రాసేటప్పుడు ఆ రంగు ఏ పొరదో తెలుసుకోవడానికి బ్లేడుతో గింజ పైభాగాన్ని చాలా పలుచగా గీకి చూడండి. కింద గోధుమ రంగు పొర తగిలితే ఆ గింజలో వగరు పదార్థాలైన టానిన్లు ఉన్నాయని గుర్తు. అలాంటి జొన్నను పిట్టలు అంతగా ముట్టవు. తర్వాత గింజను నిలువునా కోసి, లోపలి పిండి గాజులా గట్టిగా ఉందా, సుద్దలా తెల్లగా ఉందా చూడండి. గింజ పైన మూసుకుని ఉండే పొర రంగును, అది గింజను సగం కప్పిందో పూర్తిగా కప్పిందో కూడా రాయండి.

వరిలో ఊక రంగు ఒక లక్షణం, లోపలి బియ్యపు పైపొర రంగు మరో లక్షణం. ఊక బంగారు రంగులో ఉండి లోపల బియ్యం ఎర్రగా ఉండవచ్చు, ఊక నల్లగా ఉండి బియ్యం తెల్లగానూ ఉండవచ్చు. సాగర్ ఎడమ కాలువ కింద పండే వడ్లను రాసేటప్పుడు ఊక రంగు, ఊక చివరి ముక్కు రంగు చూసి, తర్వాత చేత్తో ఊక ఒలిచి దంపని బియ్యం రంగు రాయండి. మరపట్టిన బియ్యాన్ని బట్టి రంగు నిర్ణయించకూడదు, ఎందుకంటే పాలిష్‌లో ఆ పైపొర పోతుంది.

ఆముదం గింజ మీద గోధుమ, బూడిద, నలుపు, తెలుపు కలిసిన మచ్చలుంటాయి. నేల రంగు ఏదో, మచ్చల రంగు ఏదో తేల్చడం కష్టమైతే రెండింటినీ రాసి ఏది ఎక్కువో చెప్పండి. మొన దగ్గరి కండలాంటి బొడిపె రంగును కూడా వదలకండి. ఆముదంలో కాండం రంగు, కాండం మీది బూడిదపూత, కాయకు ముళ్లున్నాయా లేవా అనేవి గింజ రంగు కంటే నమ్మకమైన గుర్తులు. గింజలు చూసిన తర్వాత చేతులు కడుక్కోవాలి, పిల్లలకు అందకుండా ఉంచాలి. అడవి అంచుల్లో దొరికే గురివింద గింజలు ఎర్రగా, ఒక చివర నల్లగా ఉండి ఆకర్షిస్తాయి. తెల్లవి, పూర్తిగా నల్లవి కూడా ఉంటాయి. వాటిని కోయడం, నూరడం చేయకుండా పైరంగు వరకే రాయండి, ఎందుకంటే పైపొట్టు చిట్లిన గురివింద ప్రాణాంతకమైన విషం.

నువ్వులకు తెలుపు, గోధుమ, నలుపు అన్న మూడు మాటలు దాదాపు సరిపోతాయి. ఆవాల దగ్గర మాత్రం లోపలి రంగు కూడా చూడాలి. పసుపు పూల ముళ్ల కలుపుమొక్క బలురక్కసి గింజలు దూరం నుంచి ఆవాలలాగే నల్లగా కనిపిస్తాయి. ఆవగింజ నున్నగా ఉండి, నలిపితే లోపల పసుపుగా ఉంటుంది; బలురక్కసి గింజ గరుకుగా, గుంటలు గుంటలుగా ఉండి లోపల తెల్లగా ఉంటుంది. ఈ గింజలు కలిసిన ఆవనూనె తిన్నవారికి ఒళ్లు నీరుపట్టే జబ్బు వస్తుంది. 1998లో ఢిల్లీలో అది పెద్దయెత్తున వ్యాపించింది.

మొక్కజొన్న పైన చెప్పిన చెట్టువారీ సూత్రానికి లొంగదు. అందులో రంగు చాలావరకు తల్లి పొరలో కాక కొత్త తరానికి చెందిన పిండి భాగంలోనూ దాని పైపొరలోనూ ఉండటం వల్ల, తెల్ల రకం కంకి మీద పక్క చేను పుప్పొడి పడితే ఆ ఏడాదే పసుపు గింజలు అక్కడక్కడా కనిపిస్తాయి. కాబట్టి మొక్కజొన్నలో ఒక కంకి మీద ఏ రంగు గింజలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాయాలి. మొక్కజొన్న గింజల మీది మచ్చలను ఏళ్ల తరబడి చూసి, చోటు మార్చుకునే జన్యువులను కనుగొన్నందుకే బార్బరా మెక్‌క్లింటాక్‌కు 1983లో నోబెల్ బహుమతి వచ్చింది.

రాయడం, దాచడం

మిగతా పంటల్లో కుప్ప నుంచి తీసిన నమూనాను వర్ణించక తప్పనప్పుడు, బాగా కలిపి 100 గింజలు ఏరకుండా తీసి, ఏ తీరువి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. ‘ఎక్కువగా ఎరుపు’ అనడం కంటే ‘నూటికి ఇన్ని’ అనడం వచ్చే ఏడు పోల్చుకోవడానికి అక్కరకొస్తుంది. చెట్టువారీగా చూసిన గింజలకైతే ఒక చిన్న పేరా చాలు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

‘కంది, ఇంటి విత్తనం, చెల్క నేల, జొన్నలో అంతరపంట. పూవు పసుపు, వెనుక రేకు మీద ఎర్ర గీతలు. కాయ ఆకుపచ్చ, ఊదా చారలు. గింజ నేల రంగు లేత గోధుమ, అట్టలో 2. రెండో రంగు ముదురు గోధుమ, సన్నని చుక్కలు, పావు భాగం. కన్ను తెలుపు, వలయం ముదురు గోధుమ. మెరుపు తక్కువ. పప్పు పసుపు. చెట్లు పది చూడగా తొమ్మిది ఇలాగే ఉన్నాయి. ఏడో చెట్టు గింజ సాదా నలుపు, కవరు వేరుగా ఉంది. నూర్చిన రెండో వారంలో చూసినది.’

వర్ణించిన గింజలను బాగా ఎండబెట్టి, చల్లారాక గట్టి మూత ఉన్న గాజు సీసాలో పోయండి. చెట్టు సంఖ్య, ఊరు, నెల, సంవత్సరం ఉన్న చీటీని సీసా లోపల కూడా వేయండి; సిరా వెలిసిపోవచ్చు కాబట్టి పెన్సిలుతో రాయండి. సీసాను వెలుతురు తగలని చోట ఉంచండి. వచ్చే వానాకాలంలో ఒక్కో చెట్టు గింజలను ఒక్కో సాలుగా విడివిడిగా విత్తి, కాయలు ఎండాక ఆ సాలులోని చెట్లన్నింటి గింజలనూ సీసాలోని గింజలతోనూ అట్టతోనూ పోల్చండి. సాలంతా ఒకే తీరుగా వస్తే ఆ వర్ణనను స్థిరమైనదిగా తీసుకోవచ్చు. ఒకే సాలులో రెండు మూడు తీరులు కనిపిస్తే నిరుటి తల్లి చెట్టు అప్పటికే సంకరమైనదో, లేక దాని పూల మీద వేరే రకం పుప్పొడి పడిందో అనుకోవాలి. అలాంటి సాలు నుంచి మీరు కోరిన తీరు చెట్లను మాత్రమే విత్తనానికి ఉంచుకుని మరో ఏడు ఇలాగే చూడండి. నమోదు ఆలోచన ఉన్నవారు ఈ నోటుపుస్తకాన్ని, సీసాలను పాలెం పరిశోధన స్థానానికో, కంపాసాగర్ వంటి దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికో తీసుకువెళ్లి, దరఖాస్తులో అడిగే మిగతా లక్షణాలను చేను మీద ఎప్పుడెప్పుడు చూసి రాయాలో పూత దశకు ముందే అడిగి తెలుసుకోండి.